గేర్‌బాక్సు తోక పట్టుకునే మనిషి

కీత్లీ, యార్క్‌షైర్
12 జనవరి 1991

అక్కా,

నీ క్రిస్మస్ కార్డు పండగ వెళ్ళిపోయాక వచ్చింది. మీ సిస్టర్ల మఠంలో స్టాంపు అతికించడానికి కూడా ముందు ప్రార్థన చేస్తారా ఏమిటి?

నిన్నొక సలహా అడగాలి. నాన్న షెడ్డులో లారీల కింద దూరిందీ నువ్వే, ఆ తరవాత జాంబియాలో మిషన్ ఆస్పత్రి బళ్ళన్నీ ఇన్నేళ్ళు నడిపించిందీ నువ్వే. నేను బయట నిలబడి పానాలు అందించిన వాణ్ణి. మగ్గం సంగతి ఏదడిగినా చెప్తాను. ఉన్ని మిల్లులో జీవితమంతా చేసిన పని అదే కదా. ఇంజను సంగతికొస్తే ఇప్పటికీ పానాలందించే వాణ్ణే.

కిందటి వేసవిలో మిల్లు మూసేశారని రాశాను. ఆ తరవాత ఒక కిట్ కారు కొన్నాను. కారంటే కారు కాదు. ఇనప చట్రం, పైన తొడగడానికి ఫైబర్ ఒళ్ళు, రెండు సీట్లు, పెట్టెల్లో వస్తాయి. పైకప్పు లేదు. ఇంజను, గేర్‌బాక్సు, ఇరుసు మనమే ఏ పాత కారులోంచో పీకి బిగించుకోవాలి. ఈ చట్రాన్ని చిన్న ఇంజను కోసం చేశారు. నాకేమో గుద్దుకుని నుజ్జయిన కార్టినా కారులోంచి రెండు లీటర్ల ఇంజను దొరికింది, దాని గేర్‌బాక్సుతో సహా. సరే, కాస్త పెద్దదైతే ఏమవుతుందిలే అనుకున్నాను.

ఏమయిందో విను. ఇంజను అడుగున నూనె ఉండే ఛాంబర్ సరిగ్గా చట్రంలో అడ్డపట్టీ మీదికి వస్తోంది. అక్కడే కూర్చోబెడితే ఇంజను పైకి లేచి బానెట్ మూసుకోదు. వెనక్కి జరిపితే గేర్‌బాక్సు రెండు సీట్ల మధ్య గూట్లో ఇరుక్కుంటుంది. ముందుకు జరిపితే రేడియేటరుకి చోటుండదు. చట్రం చేసిన వాళ్ళకి ఫోన్ చేస్తే ఎత్తడం లేదు. విచారిస్తే తెలిసింది, కంపెనీనే ఎత్తేశారట.

షెడ్డులో చలి కరిచేస్తోంది. పొద్దున టీ తాగి వెళ్తే మళ్ళీ సాయంత్రం వార్తల టైముకి బయటికొస్తున్నాను. వచ్చేటప్పటికి వేళ్ళు వంగవు.

ఆవ్రిల్ బాగానే ఉంది.

నీ తమ్ముడు
ఫింటన్


రాస్‌కామన్, ఐర్లండ్
3 ఫిబ్రవరి

ఒరేయ్ ఫింటన్,

పిల్లాడికి కుట్టించిన కోటులో పెద్దమనిషిని దూర్చాలని చూస్తున్నావు. ఇంత వయసొచ్చి ఇదేం పనిరా అని తిడదామనుకున్నాను. కానీ నీ ఉత్తరం చదువుతుంటే నా ముక్కుకి నూనె వాసన తగిలింది. అందుకని తిట్టడం మానేశాను.

అడ్డపట్టీ జోలికి వెళ్ళకు. చట్రానికి అది వెన్నెముక. కోయాల్సింది ఛాంబర్ని. లోతుగా ఉన్న భాగాన్ని కోసి, వెనక్కి జరిపి వెల్డింగు చేయించు. అక్కడితో అయిపోలేదు. లోపల నూనె పీల్చే గొట్టం ఒకటుంటుంది చూడు, దాన్ని కూడా వెనక్కి వంచాలి. లేకపోతే నూనె ఒకచోట, నోరు ఒకచోట అవుతుంది. ఇంజను గాలి తాగి చస్తుంది. జాంబియాలో చిపాటా దారిలో ఒక పెద్దమనిషి జీపుకి గొట్టం వంచకుండా అలాగే వదిలేశారు. ఆయన దాన్ని నలభై మైళ్ళు నడిపాడు, తరవాత అది ఆయన్ని నడిపించింది.

ఇంజనుని, గేర్‌బాక్సుని విడివిడిగా దించకు. రెంటినీ బయటే బిగించి, ఒకే ముక్కగా, తోక కిందికి వాల్చి దించాలి. గొలుసు కప్పీ అద్దెకి తెచ్చుకో. ఇది ఒక్క మనిషి పని కాదు. మీ ఆవిడ ఆవ్రిల్‌ని గొలుసు వదలమను, నువ్వు గేర్‌బాక్సు తోక పట్టుకో. లేదా తనని తోక పట్టుకోమను. తనకి ఓపిక ఎక్కువ.

ఇక్కడ నాకు తలుపు తీసే పని ఇచ్చారు. గంట మోగితే వెళ్ళి తీస్తాను. ఎవరూ మోగించరు. మేము మిగిలింది ఎనిమిది మంది ముసలివాళ్ళం, ఈమర్ అని ఒక చిన్న సిస్టరు. నీ ప్రశ్నలు ఇంకా ఉంటే రాయి.

నీ అక్క
నోరీన్


కీత్లీ
10 మార్చి

అక్కా,

ఛాంబర్ కోసి వెల్డింగు చేయించాను. గొట్టం వంచాను. నీళ్ళు పోసి రాత్రంతా ఉంచాను, ఒక్క చుక్క కారలేదు. నీకు దణ్ణం. ఈసారి ఉత్తరం అంత లావు నల్ల పెన్నుతో రాశావేమిటి? పోస్టరు అంటించినట్టుంది. పోస్టుమాన్ నన్ను అదోలా చూశాడు.

ఇంజను ఇప్పుడు వెనక్కి జరిగింది కాబట్టి మధ్య గూడు చాల్లేదు. దాన్ని కోసి వెడల్పు చేశాను. నా వైపు పెడల్సు ఉన్నాయి, అటు కోయడానికి లేదు. అందుకని పక్క సీటు వైపు కోశాను. అటు కూర్చున్న వాళ్ళకి కాళ్ళ దగ్గర చోటు కొంచెం తగ్గుతుంది, అంతే.

కప్పీ తెచ్చాను. శనివారం దించబోయాను. సగం దాకా బాగానే వచ్చింది. గొలుసు వదిలి తోక పట్టుకుందామని వెళ్ళేసరికి ఇంజను ఇటు తిరుగుతుంది, ఇంజనుని పట్టుకునేసరికి తోక అటు పోతుంది. కాసేపు దాని చుట్టూ ప్రదక్షిణాలు చేశాను. చివరికి తోక వెళ్ళి చట్రానికి కొట్టుకుంది, మధ్యలో నా బొటనవేలు. గోరు నల్లబడింది. ఇంజనుని మళ్ళీ పైకి లాగి అలాగే వేలాడదీసి ఉంచాను. వెళ్ళినప్పుడల్లా కసాయి కొట్లో మాంసంలా కనిపిస్తోంది.

ఒక్కడే చేయడానికి ఏదైనా ఉపాయం ఉందా? తాళ్ళు కట్టి, దూలానికి ఇంకో కప్పీ వేసి?

వానలు తగ్గలేదు. మీ దగ్గర ఎలా ఉంది?

ఫింటన్


రాస్‌కామన్
19 మార్చి

ఫింటన్,

ఉపాయం లేదు. ఆ బరువు కింద ఒక్కడివీ నిలబడకు. బొటనవేలితో పోయింది కాబట్టి నవ్వుతూ రాస్తున్నావు.

రెండు ఉత్తరాల నుంచి చూస్తున్నాను. గొలుసు పట్టుకోవడానికి మనిషి లేదంటావు. ఇంట్లో మనిషి ఉంది కదా? "ఆవ్రిల్ బాగానే ఉంది" అని ఒక్క ముక్క రాశావు, రెండో ఉత్తరంలో ఆ ముక్క కూడా లేదు. ఇంతకు ముందు నీ ఉత్తరాల్లో ఆవ్రిల్ ఇలా అంది, ఆవ్రిల్ అలా అంది, అదే పురాణం ఉండేది.

పక్క సీటులో కాళ్ళ చోటు కోశానంటావు. ఎవరి కాళ్ళురా అవి?

నేను తలుపు దగ్గర కూర్చుని ఉంటాను. నాకు వేరే పనేమీ లేదు. ఉన్నదున్నట్టు రాయి.

నోరీన్


కీత్లీ
2 ఏప్రిల్

అక్కా,

రెండుసార్లు రాసి చించేశాను. ఇది మూడోది.

ఆవ్రిల్ నవంబరులో వెళ్ళిపోయింది. మోర్‌కమ్‌లో వాళ్ళ అక్క పాలిన్ దగ్గర ఉంటోంది. గొడవేమీ జరగలేదు. గొడవ జరిగినా బాగుండేది, దేనికి వెళ్ళిందో చెప్పుకోవడానికి ఒక మాట దొరికేది.

నేను చట్రం కింద పడుకుని బ్రేకు గొట్టాలు బిగిస్తున్నాను. తను వచ్చి షెడ్డు తలుపు దగ్గర నిలబడింది. నాకు బూట్లు మాత్రమే కనిపించాయి, మంచి బూట్లు వేసుకుంది. "ఫింటన్, నేను పాలిన్ దగ్గరికి వెళ్తున్నా" అంది. నేను కింద నుంచే, "సరే, వచ్చేటప్పుడు పాలు తీసుకురా" అన్నాను. తను కాసేపు అక్కడే నిలబడింది. ఏదో అంటుందేమో అనుకున్నాను. తరవాత బూట్లు కనబడలేదు. సాయంత్రం లోపలికి వెళ్ళి చూస్తే చలికోట్లు లేవు. మందుల డబ్బా లేదు.

మిల్లు మూసేశాక నాకు ఇంట్లో ఏ కుర్చీలో కూర్చోవాలో తెలిసేది కాదు. తను పనిచేసుకుంటుంటే అడ్డంగా ఉన్నట్టుండేది. షెడ్డులోకి వెళ్తే అక్కడ ఏదో ఒకటి సరిపోకుండా ఉండేది. సరిపోని దాన్ని సరిపెట్టడం నాకు తెలిసిన పని. అలా వెళ్ళి వెళ్ళి, రావడం మర్చిపోయాను.

నీకెందుకు చెప్పలేదంటే, మా పెళ్ళి నీ ఒక్కదానికే ఇష్టం. విడాకులైన ఇంగ్లీషు దాన్ని, చర్చిలో కాకుండా రిజిస్టరు ఆఫీసులో చేసుకున్నానని ఇంట్లో ఎవరూ మాట్లాడలేదు. జాంబియా నుంచి నువ్వొక్కదానివే ఉత్తరం రాశావు, రంగుల గుడ్డ పంపావు. ఆవ్రిల్ దాన్ని ఇప్పటికీ బల్ల మీద పరుస్తుంది. పరిచేది. ఆ గుడ్డ పట్టుకెళ్ళలేదు.

అలిసిపోయాను అక్కా. ఇంజను ఇంకా వేలాడుతూనే ఉంది.

ఫింటన్


రాస్‌కామన్
14 ఏప్రిల్

ఫింటన్, నా తండ్రీ,

నీ ఉత్తరం కిటికీ దగ్గర కూర్చుని చదివాను. మధ్యాహ్నమంతా పట్టింది.

వెళ్ళి తీసుకురా అని చెప్పను. ఆవ్రిల్ ఎక్కడో వదిలేసొచ్చిన సామాను కాదు, ఎత్తి తెచ్చుకోవడానికి. కారు అమ్మేయమని కూడా చెప్పను. అది అమ్మితే తను వస్తుందని నువ్వు అనుకుంటావు, రాకపోతే రెండూ పోయాయని ఏడుస్తావు. ఫోను ఉంది కదా, చెయ్యి. ఇంజను ఊసెత్తకు. నువ్వెలా ఉన్నావు అని అడుగు, అడిగాక నోరు మూసుకుని విను. నీకది గేర్‌బాక్సు బిగించడం కన్నా కష్టమని నాకు తెలుసు.

ఈలోగా చేతులు ఖాళీగా ఉంచకు. వేలాడుతున్న దాన్ని కిందికి దించి, గేర్‌బాక్సు విప్పి మళ్ళీ బిగించు. ఆ దెబ్బకి క్లచ్ ప్లేటు పక్కకి జరిగి ఉంటుంది. ప్లేటు నట్టనడుమ ఉంటే తప్ప గేర్‌బాక్సు ముక్కు లోపలికి పోదు, ఎంత తోసినా పోదు. దానికి అమ్మే పనిముట్టు కొనకు. చీపురు కర్ర ఒకటి కోసి, ప్లేటు బొక్కలో పట్టేంత లావు టేపు చుట్టి, దాంతో ప్లేటుని మధ్యకి తెచ్చి అప్పుడు బోల్టులు బిగించు. మఠం చీపుర్లన్నీ అలా అయిపోయాయని లుసాకాలో మా పెద్ద సిస్టరు నన్ను వారం రోజులు వంటింట్లో వేసింది.

తోసేటప్పుడు బలం పెట్టకు. బలం పెట్టాల్సొచ్చిందంటే ఎక్కడో వంకర ఉన్నట్టు.

నేనూ అలిసిపోయానురా. ఊరికే చెప్తున్నాను.

నోరీన్


కీత్లీ
12 మే

అక్కా,

ఇంజను లోపల కూర్చుంది! గేర్‌బాక్సుతో సహా!

వరసగా చెప్తాను. ఇంజనుని నేలకి దించి, చీపురు కర్రతో ప్లేటు మధ్యకి తెచ్చి, గేర్‌బాక్సు బిగించి మళ్ళీ వేలాడదీశాను. నువ్వు చెప్పినట్టు ఆవ్రిల్‌కి ఫోన్ చేశాను. నువ్వెలా ఉన్నావని అడిగాను. "మోకాలు నొప్పిగా ఉంది" అంది. విన్నాను. తరవాత తనే, కుట్టుమిషను కావాలి, ఆదివారం పాలిన్ కారులో వచ్చి పట్టుకెళ్తానంది.

వచ్చింది. మిషను నూనె వేసి తుడిచి హాల్లో పెట్టి ఉంచాను. పాలిన్ కారులోంచి దిగలేదు. ఆవ్రిల్ లోపలికొచ్చి ఇల్లంతా ఒకసారి చూసింది. టీ పెట్టాను, తాగింది. పాలిన్ బజారుకి వెళ్ళొస్తానని వెళ్ళింది. అప్పుడు ఆవ్రిల్ తనంతట తనే షెడ్డు దాకా నడిచింది.

"ఇంకా వేలాడుతోందా ఇది?"

"ఒక్కడి వల్ల కావటం లేదు."

"ఎన్నాళ్ళ నుంచి?"

"మార్చి నుంచి."

"మరి ఎవర్నైనా పిలవకపోయావా?"

"ఎవర్ని పిలవను?" అన్నాను. తను నా వంక చూసింది. కోటు విప్పి మేకుకి తగిలించింది.

"ఏది పట్టుకోవాలో చెప్పు. పిచ్చిగా అరిచావంటే వదిలేసి పోతా."

నేను గొలుసు దగ్గర, తను తోక దగ్గర. అంగుళం అంగుళం దించాను. "ఆగు", "ఇంకొంచెం", "నీ వైపుకి", ఇవే మాటలు. గంటన్నర పట్టింది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో మేమిద్దరం అన్ని మాటలు ఒకరి మాట ఒకరు విని అనుకున్నట్టు నాకు గుర్తులేదు. చివరికి నాలుగు బోల్టులూ వాటి చిల్లుల్లో పడ్డాయి. తను తోక మీద చెయ్యి తీయకుండా అలాగే నిలబడి, "పడిందా?" అంది. పడిందన్నాను. ఇద్దరికీ మోచేతుల దాకా మసి.

తరవాత పక్క సీటు వైపు తొంగి చూసి, "నా కాళ్ళెక్కడ పెట్టుకోవాలి?" అని అడిగింది. కొంచెం పక్కకి తిప్పుకుంటే పడతాయి అన్నాను. చేతులు కడుక్కుని, మిషను పట్టుకుని, పాలిన్ రాగానే వెళ్ళిపోయింది. గేటు దగ్గర మాత్రం, "నడిచాక తీసుకొచ్చి చూపించు. రెండో తారీకు నా పుట్టినరోజు, గుర్తుందా?" అంది. గుర్తుందన్నాను. నిజంగానే గుర్తుంది.

అంటే జూను రెండు, సరిగ్గా మూడు వారాలే ఉంది. మిగిలింది గేర్‌బాక్సు నుంచి వెనక ఇరుసుకి వెళ్ళే షాఫ్టు. కార్టినాది పొడుగు ఎక్కువ, కోయించి కురచ చేయాలి. కొలతలన్నీ బొమ్మ గీసి పెట్టాను. లేత్ షాపు వాడికి ఏ కొలత ఇవ్వాలో నువ్వు చెప్పు. ఇరుసు ఊగులాటకి ఎంత వదలాలో నాకు తెలియదు. త్వరగా రాయి.

ఫింటన్


రాస్‌కామన్
21 మే

ఫింటన్,

ఆవ్రిల్ తోక పట్టుకున్న సంగతి రెండుసార్లు చదివాను. పుట్టినరోజుకి వెళ్ళు. పువ్వులు పట్టుకెళ్ళు, గ్రీజు కాదు.

బొమ్మ చూశాను. లేత్ షాపులో ఇరవై ఆరు అంగుళాలని చెప్పు. కోశాక రెండు చివర్లూ ఒకే వరసలో ఉండేలా వెల్డింగు చేయమను, లేకపోతే నడిచేటప్పుడు కారంతా వణుకుతుంది.

తొందరలో రాస్తున్నాను.

నోరీన్


కీత్లీ
16 జూన్

అక్కా,

షాఫ్టు రెండంగుళాలు తక్కువైంది.

నా బొమ్మలో ఇరవై ఎనిమిది అని ఉంది. నువ్వు ఇరవై ఆరు అన్నావు. నాకు అనుమానం రాకపోలేదు. కానీ ఊగులాటకని తగ్గించి ఉంటావు, నీకు తెలియంది నాకేం తెలుసులే అనుకున్నాను. చిన్నప్పటి నుంచీ నువ్వు చెప్పావంటే నేను రెండో మాట ఆలోచించింది ఎప్పుడు? లేత్ షాపు ముసలాయన కూడా అడిగాడు, "నిజంగా ఇంతేనా అబ్బాయ్?" అని. మా అక్క చెప్పింది అన్నాను. నవ్వాడు.

బిగిస్తే చివరి పళ్ళు గేర్‌బాక్సులోకి రెండు వేళ్ళంత మాత్రం వెళ్తున్నాయి. మొదటి గుంటలో పడగానే ఊడి రోడ్డు మీద పడుతుంది. అలాగే వెళ్దామా అని కూడా ఒక క్షణం అనుకున్నాను, చూడు నా బుద్ధి.

ఒకటో తారీకు సాయంత్రం ఆవ్రిల్‌కి ఫోన్ చేసి రాలేనని చెప్పాను. షాఫ్టు గురించి చెప్పబోయాను. "తెలుసు ఫింటన్" అంది. "ఏం తెలుసు?" అంటే, "ఏదో ఒకటి తక్కువవుతుందని తెలుసు. పెట్టేస్తున్నా" అంది. పెట్టేసింది.

రైలెక్కి వెళ్ళొచ్చుగా అంటావు. ఇప్పుడు నేనూ అంటున్నాను. అప్పుడు తట్టలేదు. కారు లేకుండా వెళ్ళొచ్చని నా బుర్రకి తట్టనే లేదు.

నీకు చెప్పడం ఇష్టం లేకపోతే తెలియదని చెప్పొచ్చు. ఒక్క అంకె, అక్కా. చూసి రాయాల్సింది ఒక్క అంకె. ఎక్కడో దూరాన కూర్చుని అది కొయ్యి, ఇది వంచు అని హుకుం జారీ చేయడం తేలికే. ఇక్కడ కింద పడుకునేది నేను. నా మొహాన మసి పడుతుంది, నా ఫోను పెట్టేస్తారు.

ఈ ముష్టి కారుని పాత ఇనప్సామాను వాడికి అమ్మేద్దామనుకుంటున్నాను. నువ్వు రాయక్కర్లేదు.

ఫింటన్


రాస్‌కామన్
24 జూన్

ఫింటన్,

ఈ దస్తూరి నాది కాదని తెలుస్తూనే ఉంటుంది. నేను చెప్తుంటే ఈమర్ రాస్తోంది.

నీ కోపపు ఉత్తరం తనే చదివి వినిపించింది. పాపం, మధ్యలో ఒక మాట మింగేసింది. అదేమిటో నేనే ఊహించుకున్నాను.

నాకు కళ్ళు పోతున్నాయి. మొత్తం కాదు, నడుమ భాగం. గడియారం చూస్తే చుట్టూ అంచు కనబడుతుంది, ముళ్ళు కనబడవు. మనిషిని చూస్తే చెవులు కనబడతాయి, మొహం కనబడదు. రెండేళ్ళయింది. డిసెంబరులో మఠం వ్యాను తీసుకెళ్ళి గేటు స్తంభానికి కొట్టాను. ఎవరికీ ఏమీ కాలేదు. తాళాలు తీసేసుకుని, తలుపు దగ్గర కుర్చీ వేసి కూర్చోబెట్టారు. లావు పెన్ను ఎందుకని అడిగావు, అందుకు.

మామూలుగా నా ఉత్తరాలు ఈమరే చదువుతుంది. నువ్వు ఆవ్రిల్ సంగతి రాసింది మాత్రం మొదటి రెండు ముక్కలు విని, చాలమ్మా అని తన చేతిలోంచి తీసేసుకున్నాను. నీ ఇంటి సంగతి ఇంకొకరి నోట వినబుద్ధి కాలేదు. భూతద్దం పెట్టుకుని కిటికీ దగ్గర చదివాను. ఆ తరవాత వచ్చిన దాన్నీ అలాగే చదివాను, బొమ్మ కూడా. ఎనిమిది నాకు ఆరులా కనిపించింది. అనుమానంగానే ఉండింది. ఎవర్నైనా అడిగితే ఒక్క నిమిషం పని. అడగలేదు. ఇరవై ఆరు అని తెగేసి రాశాను.

ఎందుకు అడగలేదో నీకు చెప్పాలి. ఇక్కడ నన్ను ఎవరూ ఏమీ అడగరు. జాంబియాలో రోజుకి పదిమంది అడిగేవారు. నీ మొదటి ఉత్తరం వచ్చినప్పుడు నాకు మళ్ళీ నేను గుర్తొచ్చాను. కళ్ళు కనబడవని రాస్తే నువ్వు అడగడం మానేస్తావు, ఆరోగ్యం జాగ్రత్త అని మాత్రం రాస్తావు. అదే నా భయం. దానికి ఆవ్రిల్ పుట్టినరోజుకి నీ ప్రయాణం పోయింది. నన్ను క్షమించు.

ఇనప్సామాను వాడికి అమ్మకు. షాఫ్టు రెండు చివర్లూ పనికొస్తాయి, మధ్య గొట్టం ఒక్కటే కొత్తది వేయించు. తక్కువైన చోట దిమ్మ పెట్టి సరిపెడతానంటాడు ఎవడో ఒకడు, ఒప్పుకోకు. కారు చక్రాల మీద నిలబెట్టి, రెండు సీట్లలోనూ మనుషులంత బరువు పెట్టి అప్పుడు కొలువు. ఖాళీగా కొలిస్తే కొలత అబద్ధం చెప్తుంది. ఆ కొలత నాకు పంపకు. నీ చేత్తో కొలిచిన అంకె నీదే. నువ్వు పానాలందించే వాడివి కాదురా, ఎప్పటి నుంచో కాదు. నేనే ఆ మాట ఒప్పుకోలేదు.

నోరీన్

(నేను ఈమర్. సిస్టరు గారు ఇది చెప్పడం ఆపేశాక చాలాసేపు ఊరికే కూర్చున్నారు. మీకు తెలియాలని రాస్తున్నాను. వారికి చదివి వినిపించలేదు.)


కీత్లీ
2 ఆగస్టు, శుక్రవారం

అక్కా,

ఈమర్ గారూ, నమస్కారం. దీంట్లో ఏ మాటా మింగొద్దు. అన్నీ వినిపించండి.

నీ ఉత్తరం వచ్చి నెల దాటింది. వెంటనే రాయలేకపోయాను. రాసిందంతా "అయ్యో" అన్నట్టు వస్తోంది, నీకది గిట్టదని తెలుసు. కాబట్టి ఒక్క మాట అంటాను. నాకు నీ కళ్ళతో పని లేదు. రేడియేటరు వేడెక్కిపోతోంది, ఫ్యాను ముందు పెట్టాలా, వెనక పెట్టాలా? జవాబు ఈమర్ చేత రాయించు. ఆ కోపంలో అన్న మాటలకి నేను సిగ్గుపడుతున్నాను.

బొగ్గు బస్తాలు రెండు తెచ్చి సీట్లలో కూర్చోబెట్టి కొలిచాను. ఎంతొచ్చిందో చెప్పను. కొత్త గొట్టం వేయించాను. సరిపోయింది. లేత్ షాపు ముసలాయన ఈసారి నవ్వలేదు. కారు పరీక్ష పాసయి నంబరు పలక వచ్చింది. బానెట్‌కి మాత్రం చిల్లు తప్పలేదు, కార్బురేటరు నెత్తిన టోపీలా పైకి కనబడుతుంది.

కిందటి ఆదివారం మోర్‌కమ్ వెళ్ళాను. చెప్పకుండా వెళ్ళాను, చెప్తే మళ్ళీ ఏదో ఒకటి తక్కువవుతుందని. సెటిల్ ఊరు దాటాక వాన. పైకప్పు లేదుగా, ఒళ్ళో నీళ్ళు నిలిచాయి. గేరు రాడ్డు మోచేతి దగ్గరికి వచ్చింది, మూడో గేరు వేసినప్పుడల్లా నన్ను నేను పొడుచుకున్నట్టుంటుంది. కాళ్ళకి పొయ్యిలో పెట్టినంత వేడి. అయినా నడిచింది. ఆగకుండా నడిచింది. సంతోషం వస్తుందనుకున్నాను. రాలేదు. అమ్మయ్య అనిపించింది, అంతే.

పాలిన్ తలుపు తీసి నన్ను చూసి, "ఆవ్రిల్, నీళ్ళలోంచి ఎవరో లేచొచ్చారు" అని కేకేసింది. ఆవ్రిల్ వచ్చింది. తువ్వాలు ఇచ్చింది. కారు చుట్టూ ఒకసారి తిరిగింది. "ఎక్కనా?" అంది. ఎక్కమన్నాను.

మోకాళ్ళు తలుపు వైపుకి తిప్పుకుని కూర్చుంది. చూశాను. నా కోతే అది. సముద్రం ఒడ్డు రోడ్డు మీద ఈ చివర నుంచి ఆ చివరికి తీసుకెళ్ళాను. ఆటు వేళ, సముద్రం దూరంగా వెనక్కి వెళ్ళి ఉంది, ఇసుక తప్ప నీళ్ళు లేవు. తను రెండుసార్లు ఏదో అంది, నాకు వినపడలేదు. నేనూ ఏదో అన్నాను, తనకీ వినపడలేదు. చివర ఆపాను. నా చెవి దగ్గరికొచ్చి గట్టిగా, "ఇంటికి పోదాం ఫింటన్" అంది.

అక్కా, నాకెంత ఆనందమయిందో చెప్పలేను. కారు తిప్పి మా ఊరి వైపు లాంకాస్టర్ రోడ్డెక్కాను. ఊరు దాటుతుండగా తను నా చేతి మీద చెయ్యి వేసింది.

"ఎటు?"

"ఇంటికన్నావుగా."

తను నా మొహం చూసింది. తనకి అర్థమైంది. "పాలిన్ ఇంటికి" అంది మెల్లిగా. అదెలా వినపడిందో, వినపడింది.

కారు మళ్ళీ వెనక్కి తిప్పాను. గేటు ముందు ఇంజను ఆపాను. అది ఆగాక అంతా ఖాళీ అయిపోయినట్టుంది. ఆవ్రిల్ దిగలేదు.

"కారు బాగుంది. నిజంగానే అంటున్నా. నువ్వు చేయలేవనుకున్నా, చేశావు."

"నువ్వు పట్టుకోబట్టి."

"ఇందులో నేను ఇంకెప్పుడూ ఎక్కను."

"కాళ్ళ చోటు సరిచేస్తా. మధ్య గూడు విప్పి..."

"ఫింటన్."

ఆగిపోయాను.

"శనివారం భోజనానికి రా. పాలిన్ ఊళ్ళో ఉండదు. చేప వండుతా. మాట్లాడుకుందాం. నేనేం చెప్తానో నాకే తెలీదు, కాబట్టి ఏదీ అనుకుని రాకు."

సరే అన్నాను. తను దిగి, తడిసిన స్కర్టు దులుపుకుని, గేటు తీసింది. సగం దూరం వెళ్ళి వెనక్కి తిరిగింది.

"రైల్లో రా."

రేపే శనివారం. పొద్దున టికెట్ కొనుక్కొచ్చాను. కారు షెడ్డులో పెట్టి తలుపు వేశాను. ఏం మాట్లాడాలో తెలియదక్కా. రైలు రెండు గంటలు పడుతుంది, కిటికీ పక్కన కూర్చుంటాను.

నీ తమ్ముడు
ఫింటన్